ఈ పీరియడ్ నాది

లెక్కల టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని బడిలో పేరు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళను కూడా "పాఠం అయ్యాక రండి" అని గుమ్మంలోనే నిలబెట్టిన మనిషి. ఆ కోపం ఈ ఏడాది ఎటు పోయిందో ఆవిడకే తెలియదు. ప్రతి పీరియడ్‌లోనూ పిల్లలు హుషారుగా చేతులెత్తుతున్న ఫొటో తీసి బడి వాట్సాప్ గ్రూపులో పెట్టాలని పైనుంచి ఆర్డరొచ్చింది. కాస్త ఆలస్యమైతే హెడ్మాస్టరు ఫోను. అది మోగితే చాలు, ఆవిడ గుండె దడదడలాడేది. అన్నం సయించడం మానేసింది.

"నిద్దట్లో కూడా 'పెట్టేశాను సార్' అంటున్నావటే అమ్మాయ్! ఎవరా సారని మావాడు ఆరా తీస్తున్నాడు," అని అత్తగారు ఆటపట్టించింది. కోడలి మొహం చూసి ఆ నవ్వు అక్కడే ఆపేసింది.

ఆ రోజు పదో తరగతిలో కొత్త పాఠం. గొంతు చించుకుని చెప్పి, "ఎవరికి అర్థం కాలేదు?" అని అడిగింది. క్లాసంతా ఒక్కసారిగా చేతులెత్తింది. అందరి మొహాల్లోనూ నవ్వే. అందరి చూపూ బల్ల మీదున్న ఆవిడ ఫోను మీదే.

"ఫొటోకి కాదర్రా, నిజంగానే అడుగుతున్నాను."

చేతులు దిగిపోయాయి. మొదటి బెంచీ పిల్ల నసుగుతూ, "నిజంగా అయితే... మొదట్నుంచీ అర్థం కాలేదు టీచర్," అంది.

టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది. పిల్లల మీద కాదు. వాళ్ళకు ఆ నవ్వు నేర్పింది తనే కదా! ఫోను తీసి, అక్కడికక్కడే గ్రూపులోంచి బయటికి వచ్చేసింది.

కాసేపటికే హెడ్మాస్టరు రొప్పుతూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఏంటమ్మా ఇది? పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"పాఠం చెప్పుకుంటోందని చెప్పండి."

"ఇలాగైతే రేపట్నుంచి పదో తరగతి మీకివ్వను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

పదో తరగతంటే ఆవిడకు ప్రాణం. లెక్కలంటే హడలిపోయే పిల్లల్ని గట్టెక్కించడం తప్ప తనకు మరో గొప్ప లేదు. అది పోతే బడికి రావడమే దండగ. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకే అక్కడే కొట్టాడు.

"రేపటి సంగతి రేపు చూసుకుందాం సార్. ఈ పీరియడ్ మాత్రం ఇంకా నాదే," అని ఆయన మొహం మీదే తలుపు వేసేసింది.

గుండె ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకుంటే కొట్టుకోనీ అనుకుని, బోర్డంతా తుడిచేసి, పాఠం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.