ఫ్రెయిల్ అంటే తుంగబుట్ట

రెండువేల మూడో నాలుగో అయివుంటుంది. అప్పుడు కివీల దేశంలో హెండర్సన్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. పొద్దున ఏడింటికి మావారు ఆఫీసుకి వెళితే మళ్లీ సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి లేడు. గుంటూరులో ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, రెండేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. ఇక్కడ ఆ ఇంగ్లీషు వీధి చివర డెయిరీలో, అంటే చిల్లరకొట్లో, పాలూ బ్రెడ్డూ కొనడానికి మాత్రం పనికొచ్చేది.

లైబ్రరీలో అంటించిన కాగితం చూసి, ఊరి చరిత్ర భద్రపరిచే ఒక చిన్న సంఘంలో జీతంలేని పనికి కుదిరాను. వారానికి రెండు రోజులు. పాత ఓడల్లో వచ్చిన సరుకుల జాబితాలు కంప్యూటర్లోకి ఎక్కించాలి. అదే గదిలో ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఉన్ని గిడ్డంగిలో పనిచేసి రిటైరైన కివీ. భార్య పోయింది. రెండు వారాలపాటు మా మధ్య గుడ్ మార్నింగ్ తప్ప మాటల్లేవు.

ఒకరోజు జాబితాలో 'అంజీర, రెండు ఫ్రెయిల్స్' అని కనిపించింది. ఫ్రెయిల్ అంటే బలహీనమైనదనే నాకు తెలుసు. కాగితం తీసుకెళ్లి చూపించాను.

"అంకుల్, ఇది తప్పు రాశారేమో చూస్తారా?"

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "నాకు తోబుట్టువులు లేరు. నన్ను అంకుల్ అన్నది నువ్వే మొదలు."

సిగ్గుపడి సారీ చెప్పబోయాను.

"వద్దు, అలాగే పిలువు. ఇది తప్పు కాదు. తుంగతో అల్లిన బుట్ట. ఎండుపళ్లు అందులో నింపి పంపేవాళ్లు."

ఆ రోజు నుంచి మాటలు మొదలయ్యాయి. ఫర్కిన్ అంటే వెన్న నింపే చిన్న పీపా. ఫాడ్జ్ అంటే బేలుకి చాలినంత ఉన్ని లేనప్పుడు వదులుగా కుట్టేసిన మూట. అది అర్థమయ్యేలా చెప్పడానికి తన స్వెటర్ విప్పి నా గుడ్డసంచిలో కుక్కి, సూదీ దారం లేకుండా ఉత్తి చేత్తో కుట్లు వేస్తున్నట్టు చూపించాడు. మా గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయల్ని గోనెసంచుల్లో కాళ్లతో తొక్కి టిక్కీలు నింపుతారని నేను చెప్పాను. "మా నాన్న కాలంలో ఉన్నినీ అలాగే తొక్కేవారు" అన్నాడు. టిక్కీ అనే మాట నాచేత మూడుసార్లు చెప్పించుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఇవన్నీ చెబితే మావారు, "ఇప్పుడవి ఎవరు వాడుతున్నారు? ఇంటర్వ్యూకి పనికొచ్చేది ఏదైనా నేర్చుకోరాదూ" అన్నారు. ఆయన అలసట ఆయనది.

చలికాలంలో పెద్దాయన రెండు వారాలు కనిపించలేదు. సంఘం చూసుకునే ఆవిణ్ని అడిగాను.

"బాత్రూంలో పడ్డాడు. కూతురొచ్చి తన ఊరు డునెడిన్ తీసుకెళ్లిపోయింది. నీకు తెలియదా?"

ఎలా తెలుస్తుంది? నా ఫోన్ నంబరు ఆయనకి ఇవ్వలేదు, ఆయనదీ అడగలేదు. ఉత్తరం రాసిస్తే ఆవిడ పంపించింది. జవాబు రాలేదు.

జాబితా చివర్లో ఇంకో నాలుగు మాటలు అర్థం కాకుండా మిగిలాయి. లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీశాను. నాలుగింటికీ అర్థాలున్నాయి. రాసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఆయన చెబితే ఒక్కోదానికి ఒక పూట పట్టేది.

సంఘం గదికి తిరిగొచ్చి అవి ఎక్కిస్తే మూడున్నరకే పని అయిపోయింది. నా బస్సు నాలుగున్నరకి. బయట వాన. కంప్యూటర్ కట్టేసి అక్కడే కూర్చున్నాను.