ఏడో చింతగింజ

మా ఇంట్లో ఆత్మ అంటే ఒక్క పరిశుద్ధాత్మే. మిగతా ఆత్మలకు గడప లోపలికి ప్రవేశం లేదు. మా నాయన బడిపంతులు, తర్వాత నేనూ సైన్సు టీచరునే అయ్యాను. ఎవరైనా దయ్యం కథ చెబితే ఓపిగ్గా చివరిదాకా విని, "సరే గానీ, అప్పుడు గాలి ఎటు వీస్తోంది?" అని అడిగే రకాన్ని. అలాంటిదాన్ని ఈ సంగతి రాస్తున్నానంటే, చూసినదాన్ని చూడలేదనలేక రాస్తున్నాను.

ఎనభైల్లో మాట. మా జయపాల్ అన్న మద్రాసులో ఇంజనీరింగు చదివేవాడు. దసరా సెలవులకు నంద్యాలకొస్తూ, హాస్టల్లో నేర్చుకున్న ఒక కొత్త ఆట మోసుకొచ్చాడు. పెట్టె లేదు, పుస్తకం లేదు, అంతా అతని తలలోనే ఉంది. ఒకరు కథ చెబుతూ మృగాల తరఫున ఆడతారు. మిగతావాళ్లు తలా ఒక వీరుడో వీరనారో అయి అడవిలో పడతారు. వేసిన దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. వింటుంటే నాకు కాలు నిలవలేదు.

చిక్కు పాచికల దగ్గరే వచ్చింది. యేసుప్రభువు అంగీ కోసం సైనికులు చీట్లు వేసుకున్నారు కాబట్టి పాచికలు పాపమని మా జేజి, అంటే మా నాయన తల్లి, కొట్టిపారేసింది. ఆమె మాత్రం రోజూ చింతగింజలతో అష్టాచెమ్మా ఆడేది. అందులో పాపం లేదట. సరే, జేజికి లేని పాపం మాకెందుకని ఆరు చింతగింజలు తీసుకుని, ఒక్కో గింజనూ ఒకపక్క తెల్లబడేదాకా నేలమీద అరగదీశాం. విసిరితే ఎన్ని తెల్లగా పడితే అంత బలం. నడవలో పరిచిన బేతంచెర్ల బండలే మాకు గళ్లు.

కథ చెప్పేది అన్న, ఆడేది ముగ్గురం. నేను, సెలవులకు ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మా చిన్నాన్న కూతురు సునంద, పక్కింటి కిరాణా శెట్టిగారి కొడుకు రమేశు. సునంద వీరనారి మల్లి అనే వేటగత్తె. గళ్ల మీద ఆమెకు గుర్తుగా రవికకు కుట్టే నీలం బొత్తాం పెట్టుకుంది. సునంద ఆ బొత్తాన్ని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేది.

ఒక పొద్దున మల్లిని రాక్షస ఉడుము పట్టుకుంది. మామూలు ఉడుం పట్టే వదలదు, ఇది ఎద్దంత ఉడుము! అన్న అప్పుడు పట్టు నియమాలు చెప్పాడు. పట్టులో ఉన్నవాళ్లు కదలలేరు. ఈటె పనికిరాదు, నడుముకున్న చాకు తప్ప. తప్పించుకోవాలంటే లాగాలి. నువ్వు ఆరు గింజలు వేస్తావు, ఉడుము నీకంటే పెద్దది కాబట్టి ఏడు వేస్తుంది. తెల్లవి నీకెక్కువైతే విడిపోతావు. తక్కువైతే అది నిన్ను గుహవైపు ఒక బండ ఈడుస్తుంది. వాన నీళ్లు బయటికి పోయే తూము పక్కనున్న బండే గుహ. అక్కడికి చేరితే ప్రాణం పోయినట్టే.

ఏడో గింజ కోసం వంటింట్లో వెతుకుతుండగానే చిన్నాన్న వచ్చాడు. కోతపండగకు చర్చిలో పాటలు నేర్పుతున్నారని సునందను ఆళ్లగడ్డ బస్సెక్కించాడు. అది కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"అక్కా, నేనొచ్చేదంక మల్లిని సావనీయొద్దు!"

"నాది పూచీ, పోమే!" అన్నాను.

మర్నాడు, అది వచ్చేలోగా మల్లిని విడిపించి పెడితే ఎంత సంబరపడుతుందో అనుకున్నాం. ఏడో గింజను తొందరలో నేనే అరగదీశాను. చెయ్యి వాలి ఒక అంచు మరీ పలచబడింది. కుంటి గింజ అని అన్న నవ్వాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మల్లి తరఫున విసిరాను. ఆరూ నల్లవే. ఉడుము ఒక బండ ఈడ్చింది. మళ్లీ విసిరాను. ఆరూ నల్లవే! రమేశు గింజలు లాక్కుని తన వీరుడికి వేసుకుంటే నాలుగు తెల్లవి. నేను మల్లికి వేస్తే మళ్లీ అన్నీ నల్లవే. బొత్తాం తూముకు ఒక్క బండ దూరంలో ఉంది. జేజి కూడా బైబిలు మూసి వచ్చి మా నెత్తిన నిలబడింది.

"ఏందన్నా ఇది, లాగేకొద్దీ లోపలికి పోతాండాది!" అన్నాడు రమేశు. "లాగకుంటే ఏమైతాది?"

ఆ నియమం అప్పటిదాకా లేదు. అన్న అక్కడికక్కడే పుట్టించాడు.

"ఒళ్లు వదిలేస్తే ఉడుమొకటే ఏయాల. ఏడూ నల్లవైతే పట్టు జారతాది. ఒక్కటి తెల్లగా పడినా మల్లి పాయె."

ఏడూ నల్లగా పడటం కలలో మాట. కానీ లాగితే ఏమవుతుందో కళ్లారా చూస్తూనే ఉన్నాం. "లాగొద్దు సునందా, వదిలెయ్!" అని అరిచాను. మల్లీ అనబోయి సునందా అన్నాను. అన్న గింజలు విసిరాడు.

ఆరు నల్లగా పడ్డాయి. ఏడోది, నా కుంటి గింజ, దొర్లుకుంటూ పోయి తూములో పడిపోయింది. పుల్లతో గెలికాం, వీధివైపు వెళ్లి వెతికాం. దొరకలేదు. అది తెల్లదే అయ్యుంటే అని నేను భయపడుతుంటే, "కనపడినేవి ఆరు, ఆరూ నల్లవే. మల్లి బతికింది" అని అన్న తీర్పు చెప్పాడు. మేం వేసిన కేకకు శెట్టిగారు కొట్టు వదిలి పరుగెత్తుకొచ్చాడు.

మరుసటి రోజు చిన్నాన్న వచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ముందురోజు అన్నాల తర్వాత సునంద కాలువలో కాళ్లు కడుక్కోబోయి జారిందట. నీటి వడికి కాలు అక్కడ పొలాలకు నీళ్లు పోయే తూములో ఇరుక్కుంది. విడిపించుకోవాలని గుంజుకునేకొద్దీ ఇంకా లోపలికి పోయిందట. ఉన్నట్టుండి అది ఒళ్లంతా వదిలేసింది. గట్టుమీదివాళ్లు ప్రాణం పోయిందనుకుని గొల్లుమన్నారు. ఆ వదిలేసినప్పుడే నీళ్లు దాన్ని పక్కకు తిప్పి గట్టుకు తోశాయట.

చిన్నాన్నతో తిరుగు బస్సుకే నేనూ ఆళ్లగడ్డకు వెళ్లాను. సునంద కాలికి కట్టుతో మంచం మీద ఉంది. దాన్ని చూడగానే నాకు ఏడుపు ఆగలేదు.

"లాగొద్దని నువ్వు అరిసినట్టుండెనక్కా" అంది.

మునిగేవాళ్లకు ఎన్నో వినిపిస్తాయి. దాన్ని నేను సాక్ష్యంగా పెట్టుకోను. కానీ ఒడ్డుకు తెచ్చాక దాని కుడి గుప్పిట మాత్రం విచ్చుకోలేదని, ఇద్దరు పట్టుకుని వేళ్లు విప్పాల్సొచ్చిందని పిన్ని చెప్పింది. గుప్పిట్లో దొరికినదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. చింతగింజ. ఒకపక్క తెల్లగా అరగదీసి ఉంది. ఒక అంచు పలచన. నా చేతిపనిని నేను గుర్తుపట్టలేనా?

నంద్యాలకు తిరిగొచ్చి గింజ చూపిస్తే, "తూములో పడె, కాలవలో కలిసె, నీళ్లు ఆడికే గదా పోయేది!" అన్నాడు రమేశు. కాలువ మా ఊరి మీదుగా ఆళ్లగడ్డవైపు పోయే మాట నిజమే. కానీ మా తూముకూ కాలువకూ మధ్య సగం ఊరుంది. ఆళ్లగడ్డకు బస్సే గంటకు పైగా పడుతుంది. ఇక్కడ గింజ జారిందీ, అక్కడ సునంద మునిగిందీ ఒకే పూట. అన్న గింజను తిప్పి తిప్పి చూశాడు. చివరికి మిగతా ఆరింటితో కలిపి డబ్బాలో వేశాడు.

కాలు నయమయ్యాక సునంద కుంటుకుంటూ వచ్చి నేరుగా నడవలో కూర్చుంది. నీలం బొత్తాన్ని దాని అరచేతిలో పెట్టాను. కాసేపు చూసుకుని, "ఇప్పుడు నా వంతే గదా?" అంది.

ప్రతిదానికీ కారణం ఉంటుందని బళ్లో పిల్లలకు చెప్పి చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. ఆ గింజలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. అప్పుడప్పుడు డబ్బా మూత తీసి లెక్కపెడతాను. ఎప్పుడూ ఏడే ఉంటాయి. ఒకటి తూములో పోయింది కాబట్టి ఉండాల్సినవి ఆరు.