ఆపిన తర్వాత తిరిగే ఫ్యాను

మా బావ పోయాడు. మదనపల్లెలో మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదని అక్క ఫోన్ చేసింది. పుంగనూరు బస్టాండులో నిలబడి విన్నాను. అప్పటిదాకా ఎవరితోనో వాదిస్తున్నాను. దేని గురించో గుర్తులేదు.

బావ బాడుగ కారు నడిపేవాడు. కుప్పం దాకా ఎక్కడ సభ ఉన్నా నన్ను తీసుకుపోయేది ఆయనే. చేరగానే నేను తలుపు తీస్తే చొక్కా పట్టి కూర్చోబెట్టేవాడు. కీ తీసేసినా బానెట్ కింద ఫ్యాను గిర్రున తిరుగుతూ ఉండేది. అది నిలిచేదాకా తాను దిగడు, నన్ను దిగనివ్వడు.

"నీకు సభ కన్నా ఫ్యాను ముఖ్యమా బావా?"

"ఇంజను నిలిస్తే నీళ్లు తిప్పే పంపూ నిలుస్తాదప్పా. ఇనుములో వేడి యాడికి పోవల్ల? నిలిచిన నీళ్లలోకే దిగుతాది. ఆపినాకే ఇంకొంచెం కాగుతాది." నన్ను చూసి నవ్వేవాడు. "నువ్వు మాత్రం? మైకు లాక్కున్నా మాట్లాడతానే ఉంటావు గదా."

ఒకసారి పలమనేరు దాటాక, ఆవిరి కక్కుతున్న కారు పక్కన ఒకాయన రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు. బావ పరుగెత్తి ఆ చెయ్యి లాగేశాడు. "ఉండు సామీ. బండి ఆగింది గానీ వేడి ఆగలా."

కర్మంతరం నాడు సోమల నుంచి వచ్చిన బావ పెద్దమ్మ, అక్క గాజులు తీయించాలని పట్టుబట్టింది. పోయినవాడిని తలుచుకునేచోట ఈ గొడవ ఎందుకంటారేమో. పెళ్లాం పోయిన మగవాడి చేతి వాచీ విప్పమన్న పెద్దలను నేనింతవరకు చూడలేదు. అందుకే.

కోపంగా లేచాను. "నువ్వు కూసోరా," అంది అక్క. తర్వాత ఆ పెద్దమ్మ వైపు తిరిగింది.

"ఆయప్ప పోయినాడు అత్తా. నేనింకా ఉండాను గదా. పెండ్లికి ముందునించీ ఏసుకుంటాండే గాజులు. యాల తియ్యల్ల?"

"లోకం ఏమంటాదే?"

"అననీలే. ఎండన బడి వచ్చినావు, నీళ్లు తాగు."

ఈ మాట వెంటనే బావకు చెప్పాలనిపించింది. ఫోన్ తీసి ఆయన పేరు దాకా వెళ్లాను కూడా. ఇప్పుడు సభలకు బస్సులో పోతున్నాను. ఆగీ ఆగకముందే దిగిపోతున్నాను. చొక్కా పట్టి లాగేవాళ్లు లేరు.

కర్మంతరం నాటి సాయంత్రం అక్క బావ బట్టలు ఎవరికీ ఇవ్వనివ్వలేదు. ఉతికి తీగ మీద వేసింది. గాజులు గలగలమంటుంటే ఒక్కో చొక్కా దులిపి, ముడతలు తీసి, కాసేపట్లో ఆయన తొడుక్కోబోతున్నట్టే కాలర్ సరిచేసింది.