నీళ్ళ మీదికి నెట్టిన తప్పు

తొమ్మిదేళ్ళుగా ఒక్క అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్ళకి తెలీదు, ల్యాబ్‌లో ఎవరికీ తెలీదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. పిరికివాళ్ళకి ముక్కూ మొహం తెలియనివాళ్ళే దిక్కు.

నేను చెరకు జన్యువుల మీద పనిచేస్తాను. పొలంలో కాదు, కంప్యూటర్ ముందు. ఆకుల డీఎన్ఏని యంత్రాలు అక్షరాలుగా మార్చి పంపిస్తే, ఎర్రకుళ్ళు తెగులుని ఏ రకం తట్టుకుంటుందో అందులో వెతుకుతాను. పీహెచ్‌డీ రోజుల్లో అలాంటి రకం ఒకటి దొరికిందనుకున్నాను. పొలం పరీక్షలు ఇంకా కాలేదు. అయినా ఆగలేకపోయాను. గర్వం, ఇంకేముంది? చోడవరం దగ్గర మా మావయ్యకి, అమ్మ అన్నయ్యకి, ఒక బస్తా ముచ్చెలు, నాటడానికి కోసిన గడ ముక్కలు, పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ చుట్టుపక్కల ఎవరు చెరకు నాటాలన్నా ముందు ఆయన్ని అడిగేవారు. ఆయన మాత్రం నన్ను నమ్మాడు. రెండేళ్ళు మడిలో పెంచి, మూడో ఏడు ఎకరన్నర నాటాడు.

ఆ వానల్లో ఆకులు ఎండడం మొదలైంది. మావయ్య ఒక గడ నిలువునా చీల్చి ఫోటో పంపాడు. లోపలంతా ఎరుపు, మధ్యమధ్య తెల్ల మచ్చలు.

పాత ఫైళ్ళు తెరిచాను. ఒకప్పుడు రెండు పట్టికల్ని పక్కపక్కన అతికించాను. ఒకదానిలో మొక్కలు ఒకటి, రెండు, మూడు అని వరసగా ఉన్నాయి. వాటి గుణాలున్న రెండోదాన్ని కంప్యూటర్ తన పద్ధతిలో పేర్చింది: ఒకటి, పది, పదకొండు, ఎప్పటికో రెండు. నేను చూసుకోలేదు. తెగులుని తట్టుకునే పదో మొక్క గుణం రెండో మొక్క పేరు మీద పడింది. మావయ్యకి ఇచ్చింది ఆ రెండో రకమే. తెగులుకి ఇట్టే లొంగే రకం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నేనే.

పొరపాటు ఎవరైనా చేస్తారు. దానికి నేనింతగా కుమిలిపోను.

థీసిస్ అప్పటికే ఇచ్చేశాను. ఉద్యోగం ఇంటర్వ్యూ వారంలో ఉంది. నిజం చెబుదామనే బస్సెక్కాను. ఆటో మారేదాకా చెబుదామనే ఉన్నాను. మావయ్య చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చీల్చిన గడల నుంచి పులిసిన సారా వాసన వస్తోంది.

"వచ్చేవేటే అమ్మీ," అన్నాడు. చీల్చిన గడ ఒకటి నా చేతికిచ్చి, "నీరెక్కువ పెట్టీసేనేటి? నువ్వు సదువుకున్నదానివి. నిజం సెప్పు."

నిజమే అడిగాడు.

"అవును మావయ్యా. నీరు నిలబడిపోతే ఇలాగే వస్తాది," అన్నాను.

ఆయన తలూపాడు. "మంచి ఇత్తనం తెచ్చి ఇస్తే నా సేత్తో నేనే నాశినం సేసేసేను. నువ్వు బెంగెట్టుకోకు. ఎవులడిగినా తప్పు నాదేనని సెప్తాన్లే."

చెప్పాడు కూడా. పక్క చేలకి పాకుతుందని గడలన్నీ తవ్వించి తగలబెడుతుంటే, వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

ఉద్యోగం వచ్చింది. తర్వాతి పరిశోధన పేపర్లో ఆ రకాన్ని చప్పుడు చేయకుండా తీసేశాను. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదేమో, పట్టికలో తప్పు దిద్దుకున్నవాళ్ళని ఎవరూ ఉరి తీయరు. ఆయన ముందు చిన్నదాన్నైపోతానని భయం వేసింది, ఆ భయానికి ఆయన్ని అందరి ముందూ చిన్నవాణ్ణి చేశాను, పైగా ఆయన నాకు ధైర్యం చెబుతుంటే విని ఇంటికొచ్చి అన్నం తిన్నాను. నన్ను నేను అసహ్యించుకుంటాను. అయినా ఏం లాభం?

మావయ్య మళ్ళీ చెరకు వేయలేదు. ఆ భూమిలో సరుగుడు వేశాడు. దానికి తడి పెట్టే పని ఉండదు.

పోయిన నెల బంధువులింట్లో భోజనాల దగ్గర ఒక కుర్ర రైతు ఆయన్ని అడిగాడు, చెరకుకి తడి ఎన్నాళ్ళకొకసారి పెట్టాలని. మావయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. "నన్నడక్కు బాబూ. నాకు నీరు తెలీదు."

నేను ఎదురుగా కూర్చున్నాను. అప్పుడూ తలొంచుకుని అన్నమే కలుపుకున్నాను.

ఆయనకి నీరు తెలుసు. ఆ ఏడు ఆయన పెట్టింది సరైన తడే. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. రాశాక కొంచెం ఊపిరాడుతోంది, నాకు. ఆయనకి కాదు.