మిర్చి సేటు దగ్గు

తొంభైల చివర్లో నేను హైదరాబాదు కార్వాన్‌లో ఒక మిర్చి వ్యాపారి ఇంట్లో మేడ మీది వాటా అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. పత్రికలో ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. ఇంటాయన్ని అందరిలాగే నేనూ సేటు గారూ అనేవాణ్ణి. తాతల నాటి నుంచీ వాళ్లది ఎండు మిరపకాయల టోకు వ్యాపారం. యాభై దాటిన మనిషి. పన్నెండేళ్లుగా షుగరు.

ఒక వేసవిలో ఆయన మూత్రంలో ప్రొటీన్ పోతోందని పరీక్షలో తేలింది. డాక్టరు దగ్గరికి తోడుగా నేనే వెళ్లాను. డాక్టరు చిన్న గోలీ ఒకటి రాశాడు.

"సేట్, ఇది బీపీ గోలీ. నీ బీపీ జరంతనే ఎక్కువుంది. గని షుగర్ ఉన్నోళ్లకు ఇది కిడ్నీలను గూడ కాపాడ్తది. మంచిగయిందని ఇడిశిపెట్టకు," అన్నాడు.

నెల తిరగకుండానే పొడిదగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు. ఉత్త దగ్గు.

ఇంకొకరికైతే అది పెద్ద సంగతి కాదు. మిర్చి బేరంలో మాత్రం బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని ఘాటు చూసి ధర చెప్పాలి. కొత్త సరుకు దిగే రోజుల్లో ఆ వీధిన పోయేవాళ్లు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. దుకాణంలో గద్దె మీద కూర్చుని ధర చెప్పే మనిషి కళ్లు కూడా నులుముకోడు. దగ్గినవాడికి సరుకు తెలియదని అక్కడివాళ్ల నమ్మకం. సేటు గారు ముప్పై ఏళ్లలో గద్దె మీద ఒక్కసారీ దగ్గలేదట. ఇప్పుడు కాయ నలపకముందే దగ్గేవారు.

"క్యా సేట్, మిర్చి కొత్తగ చూస్తున్నవా? బెల్లం దుకాణం పెట్టుకోరాదు, నీ షుగర్‌కు మంచిగుంటది!" అన్నాడు ఒక దలాలు, అందరూ వింటుండగా.

దుకాణమంతా నవ్వింది. సేటు గారూ నవ్వబోయారు. దగ్గు అడ్డుపడింది.

ఇంట్లోవాళ్లు కూడా ఘాటు పడటం లేదన్నారు. అది ఆయనకు మరీ అవమానం. చివరికి కారణం ఆయనే కనిపెట్టారు. మూడు వారాలు గోలీ మానితే దగ్గు పోయింది, వేసుకుంటే మళ్లీ వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి మేడ ఎక్కి వచ్చారు.

"మిర్చిది గాదు తమ్మీ, గోలీది! గది బంద్ జేశ్న, దగ్గు బంద్."

"డాక్టరుకు చెప్పారా?"

"ఏం చెప్పాలె? లొల్లి జేస్తడు. బీపీ ఏమంత లేకపాయె. మా ఇంట్లామెకు గిట్ల చెప్పకు, ఫికర్ చేస్తది."

నేను చెప్పలేదు. ఆ గోలీ కిడ్నీల కోసమని డాక్టరు అన్నప్పుడు పక్కనే ఉన్నవాణ్ణి. అయినా ఆయన మళ్లీ గద్దె మీద కుదురుగా కూర్చుని ధరలు చెబుతుంటే, బాగానే ఉన్నారు కదా అనుకున్నాను. డాక్టరును చూడబోయే వారం ముందు మాత్రం ఆయన గోలీ మొదలుపెట్టేవారు. చూపించుకుని వచ్చాక మానేసేవారు. మిషను మీద బీపీ సరిగ్గానే కనబడేది.

అలా మూడేళ్లు గడిచాయి. ఆ తర్వాత సాయంత్రమయ్యేసరికి ఆయనకు చెప్పులు పట్టేవి కావు, పాదాలు అంతగా వాచేవి. మూత్రంలో నురగ. ఈసారి డాక్టరు దగ్గరికి ఇంటామె కూడా మాతో వచ్చింది. రక్తపరీక్ష కాగితం చూసి, కిడ్నీలు సగానికి పైగా పోయాయన్నాడు డాక్టరు.

"నిజం చెప్పు సేట్, గోలీ ఎప్పట్నించి మానేశినవ్?"

"దగ్గు వస్తుండె సార్. మూడేండ్లయింది."

"దగ్గు వస్తే నాకు చెప్పొద్దా? గదే పని చేశేది, దగ్గు రానిది ఇంకో గోలీ ఉన్నది. ఒక్క మాట చెప్తే గప్పుడే మార్చేటోణ్ణి."

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు ఇంటామె నన్ను అడిగింది.

"నీకెర్కనా తమ్మీ?"

"తెలుసండీ."

ఆమె చెయ్యెత్తి ఆటోను ఆపింది. మర్నాటి నుంచి కొత్త గోలీ పొద్దున్నే ఆయన చేతిలో పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడేది. దానితో దగ్గు రాలేదు. ఉప్పు తగ్గించారు, షుగరు అదుపులో పెట్టుకున్నారు. ఆరేళ్లు అలా నడిచాయి. ఆ తర్వాత వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పలేదు.

డయాలసిస్ మొదలైన రోజు నేనూ వెళ్లాను. డయాలసిస్ ఇన్నాళ్లు ఆగిందంటే రెండో గోలీ వల్లేనని డాక్టరు ఇంటామెకు ధైర్యం చెప్పాడు. మొదట్లోనే మార్చి ఉంటే ఇంకెన్నేళ్లు ఆగేదో ఆమె అడుగుతుందనుకున్నాను. నేను పక్కన ఉన్నందుకేమో, అడగలేదు.