ముక్కు మందు, మేస్త్రి మామ

పోయిన శుక్రవారం పొద్దున గుడియాత్తం నుంచి ఫోనొచ్చింది, మేస్త్రి మామ పోయినాడని. వేలూరులో బస్సెక్కినప్పటి నుంచి ఒకటే బాధ. ఆయనతో అనాల్సిన మాట ఒకటి అనకుండానే ఉండిపోయినాను.

ఆయన ఇండ్లు కట్టే మేస్త్రి, గుడియాత్తంలో మా పక్కింటాయన. ఎవరింటికి పోయినా ముందు గోడను చేత్తో తడిమి చూసి, తర్వాతే మనిషిని పలకరించేవాడు. మా పాపకు తొమ్మిదో ఏట ఫిట్స్ మొదలైతే వేలూరు ఆసుపత్రికి నాకు తోడొచ్చింది ఆయనే. ఫిట్స్ ఐదు నిమిషాలకూ ఆగకపోతే ముక్కులో కొట్టమని డాక్టరమ్మ చిన్న స్ప్రే సీసా ఇచ్చింది.

"ముక్కులో కొడితే తలకెట్ల పోతాదమ్మా?" అని మామ అడిగినాడు.

పండ్లు బిగుసుకున్నప్పుడు నోట్లో ఏమీ వేయలేమని, ముక్కు లోపలి పొర మందును పీల్చుకుని తొందరగా మెదడుకు చేరుస్తుందని ఆమె చెప్పింది. ఎట్ల పట్టుకోవాలో మామ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "ఎవరికీ చెప్పొద్దు మామా, ఆడపిల్ల" అన్నాను.

"చెప్పనులేమ్మా. జబ్బును దాచిపెడితే మందును కూడా దాచాల్సొస్తాది, చూసుకో."

విరించిపురంలో మా వాళ్ళ పెళ్ళిలో పాప పడిపోయింది. ఎవరో పాప చేతిలో తాళాలగుత్తి పెట్టినారు. మందు నా సంచిలోనే ఉంది. అంతమంది చూస్తుంటే నా చెయ్యి కదల్లేదు. మాతో పెళ్ళికొచ్చిన మామ జనాన్ని తోసుకొనొచ్చి పాపను పక్కకు తిప్పినాడు, గడియారం చూసినాడు. ఐదు నిమిషాలు దాటగానే నా సంచిలో నుంచి సీసా తీసి, డాక్టరమ్మ చెప్పినట్లే కొట్టినాడు. కాసేపటికి బిడ్డ ఒళ్ళు సడలింది.

"ఏం జబ్బు?" అనింది మా పెద్దత్త.

"జబ్బేమీ లేదు. పొద్దున నుంచి తినలేదు, కళ్ళు తిరిగినాయి" అన్నాను. ఆ అబద్ధం నిలబడేదానికి మామ మీద అరిచినాను. "నిన్నెవరు కొట్టమన్నారు? ఏదో ఒక మందు కొట్టేదేనా బిడ్డకు?"

ఆయన నా మొగం చూసినాడు. "నాదే తప్పమ్మా" అని, సీసా నా చేతిలో పెట్టి, భోజనం చేయకుండానే వెళ్ళిపోయినాడు.

తర్వాత ఎప్పటి మాదిరే పలకరించినాడు. ఆయన ఆ ఊసెత్తితే క్షమించమందామని నేను కాచుకున్నాను. ఆయన ఎత్తలేదు. మేము వేలూరుకు మారిపోయినాము.

మేము పోయేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టినారు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"పనికి పోయిన చోటంతా చెప్తా ఉండెనమ్మా, ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టొద్దు, పక్కకు తిప్పండని. మీ పాప పేరు మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు."

కాలేజీకి పోయే మా పాప ఆ మాట విని లేచింది. చాప మీద కూర్చున్న పనివాళ్ళతో, "ఫిట్స్ వచ్చేది నాకే. తాతే నాకు మందు కొట్టి కాపాడినాడు" అనింది. మళ్ళీ తమిళంలో చెప్పింది. నేను ఆపలేదు. వినాల్సిన మనిషి వినలేదు.

ఒక ముసలి కూలామె కొంచెం జరిగి, చాప మీద అరచేత్తో తట్టి, పాపకు తన పక్కన చోటు చూపించింది.