పట్టాల కింద నీళ్లు

1979. నగరి ప్రాంతంలో పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖలో సూపర్‌వైజరుగా ఉన్నాను. పల్లెలకు మంచినీటి పైపులు వేయించడం నా పని. అక్కడ రైలు పట్టాలను ఆనుకుని ఒక నేతగాళ్ల ఊరుండేది. ఊరు పడమట, తియ్యటి నీళ్లు పడిన బోరు తూర్పున. మధ్యలో మద్రాసు లైను.

బోరు దగ్గర ట్యాంకు కట్టాం. ఊళ్లో కుళాయిలు నిలబెట్టాం. పట్టాల కింద దాటించాల్సిన ముక్క ఒక్కటే మిగిలింది. పని అక్కడే ఆగింది. రాజ్యాంగం తాగునీటిని రాష్ట్ర జాబితాలో, రైల్వేను కేంద్ర జాబితాలో పెట్టింది. ఆ మట్టిలో గునపం దిగాలంటే రైల్వే అనుమతి కావాలి. మేము రాశాం. డ్రాయింగు చాలదని దరఖాస్తు తిరిగొచ్చింది. మళ్లీ రాశాం. ఈలోగా ఎండలు ముదిరాయి.

ఒకరోజు మునెమ్మ అనే నేతపనావిడ నిండు బిందెతో పట్టాలు దాటుతూ కంకరలో జారిపడింది. రైలు కూత విని తోటి ఆడవాళ్లు రెక్క పట్టుకుని ఇవతలికి లాగారు. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది.

మరునాడు నేను వెళ్లేసరికి మగవాళ్లు పారలు, గడ్డపారలతో రైలు కట్ట పక్కన నిలబడి ఉన్నారు. ఊరి సర్పంచు ఏకాంబరం నన్ను నిలదీశాడు.

“నీళ్లు ఆపక్కుండాయి, మేము ఈపక్కుండాము. రెండు పక్కలా గవర్నమెంటే గదా సార్? నడాన ఈ అడ్డం ఎవురిది?”

“రైల్వే కేంద్రానిదప్పా. మా చేతుల్లో లేదు.”

“కేంద్రమో, రాష్ట్రమో! ఓటు రెండిటికీ ఏసినాము. మీకు సేతకాకుంటే సెప్పండి, మేమే తవ్వుకుంటాము.”

“కట్ట కుంగితే రైలు పడిపోతాది. చీరలు తీసుకుని మద్రాసుకు పోయే మీవాళ్లే దాంట్లో ఉంటారు. నేను రేణిగుంట రైల్వే ఆఫీసుకు పోయొస్తా, అందాకా ఓర్చుకోండి.”

గడ్డపారలు కిందికి దిగాయి. ఎవరూ ఇంటికి మాత్రం కదల్లేదు.

రేణిగుంటలో రంగనాథన్ పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరు. అంటే పట్టాల బాగోగులకు బాధ్యుడు. కోపంతోనే ఆయన గదిలోకి వెళ్లి మునెమ్మ సంగతి చెప్పాను. ఆయన కుర్చీ చూపించాడు.

“ఆ ఊరు నాకూ తెలుసు సార్,” అన్నాడు తమిళ యాసతో. “ఆడ బిందెలతో దాటేవాళ్లను చూస్తే, పట్టాల పనిచేసే మా గ్యాంగుమన్‌లకు దినామూ భయమే. కానీ రేపు మీ పైపు పగిలితే? నీళ్లు కట్టలోకి ఇంకితే మట్టి నిలుస్తుందా? మీ డ్రాయింగులో దానికి జవాబు లేదే!”

న్యాయమైన ప్రశ్నే. నా కోపం సగం తగ్గింది. “చోటు చూస్తూ మాట్లాడుకుందాం, వస్తారా?” అన్నాను.

నగరి స్టేషను దాకా రైల్లో, అక్కణ్నుంచి పట్టాల మీద తన మనుషులు తోసే ట్రాలీలో వచ్చాడు. ఆడవాళ్లు బిందెలతో దాటుతుంటే దిగి, వాళ్లందరూ పోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఇద్దరం ఇసుకలో గీతలు గీసుకుంటూ కూర్చున్నాం. పైపును మట్టిలో నేరుగా వేయకుండా కేసింగ్ అనే పెద్ద ఇనుప గొట్టంలోంచి పంపాలి. పైపు కారినా నీళ్లు ఆ గొట్టంలోనే జారి కట్ట బయట పడతాయి. అవసరమైతే నీళ్లు ఆపడానికి రెండు వైపులా వాల్వులుండాలి. తవ్వకం రైల్వే గ్యాంగుది, గొట్టాలు మావి, వాల్వుల కాపలా పంచాయతీది.

“ఇట్లనే రాసి పంపండి. చోటు చూసినాను, చేయొచ్చు అని నేను రాస్తాను,” అన్నాడు రంగనాథన్.

వానలకు ముందే అనుమతి వచ్చింది. తవ్వేరోజు డ్రైవర్లకు కాషన్ ఆర్డర్ ఇచ్చారు. నెమ్మదిగా నడపమనే ఆదేశమది. ఊరంతా వచ్చి చూస్తుండగా రైళ్లు మనిషి నడకన పాకాయి. ఒక్కో రైలు దాటగానే రంగనాథన్ వంగి పట్టాలు చూసుకునేవాడు. ఏకాంబరం గ్యాంగుమన్‌లకు మజ్జిగ పోయించాడు.

కుళాయి విప్పినప్పుడు మునెమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని అరుగు మీద ఉంది. కూతురు చెంబుతో తెచ్చిస్తే తాగి, నన్ను పిలిచింది.

“బాగుండాయి సార్. ఇవి ఆగిపోతే ఎవుర్ని అడగల్ల? మిమ్మల్నా, రైలోళ్లనా?”

“మీ పంచాయతీనే అడుగమ్మా. యాడికీ పోవాల్సిన పన్లేదు.”

“అట్లయితే ఏకాంబరాన్ని నేను సూసుకుంటా,” అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఏకాంబరమూ నవ్వాడు.

తర్వాత నా సర్వీసులో జాతీయ రహదారులు అడ్డొచ్చాయి, టెలిఫోన్ కేబుళ్లు అడ్డొచ్చాయి. అన్నీ కేంద్రానివే. ప్రతిసారీ దరఖాస్తు పెట్టేముందే అవతలి శాఖ ఇంజనీరును పని చోటికి పిలుచుకొచ్చాను. అధికారం ఎవరిదో రాజ్యాంగం ఏనాడో తేల్చింది. అవతలివాడి భయమేమిటో, మన అవసరమేమిటో అక్కడ నిలబడి చెప్పుకుంటేనే తెలుస్తుంది. అలా చాలా పనులు జరిగాయి. జరగని చోట, ఎందుకు జరగలేదో ఊరివాళ్ల ముఖం చూసి చెప్పగలిగాను.